ఎడమచేతి కబురు

మా వాకిట్లో బట్టలారేసే తీగ రాగిది. వేపచెట్టుకూ ఇంటి కొప్పుకూ కట్టి, దానిమీద ఎప్పుడూ నా చీర ఒకటి వేలాడుతుండాలన్నాడు నా మొగుడు. ఆ చీర చాటునుంచి తీగ కొస ఒకటి కప్పులోకి దూరి, వడ్ల గుమ్మి వెనక దాచిన పెట్టెలోకి దిగేది.

యుద్ధమప్పుడు పటాలంలో వైర్‌లెస్ పని చేసొచ్చిన మనిషి. పాత సామాను ఏరుకొచ్చి, కబురు పంపే పెట్టెలు రెండు తయారుచేశాడు. ఒకటి దేవరుప్పుల పక్కన మా ఊళ్లో, ఇంకొకటి నెల్లికుదురు అవతల మా మరిది దగ్గర. మరిది ఊరివాళ్లు దొరకు వెట్టి మానేసి, దొర భూములు దున్నుకున్నారు. ఆ ఊరంటే పోలీసులకు కసి. జనగామ నుంచి లారీలు అటు పోవాలంటే మా ఊరు దాటాలి. అవి కనబడగానే ఈయన పెట్టె మీది మీట టకటక కొట్టేవాడు. అక్కడ మరిది విని డప్పు కొట్టించేవాడు. పిల్లాజెల్లా గుట్టెక్కేవాళ్లు. లారీలు తిరిగిపోయాక ఈయన మళ్లీ కొడితేనే దిగేవాళ్లు.

బ్యాటరీ నీళ్లు చింది నా చీరలన్నీ చిల్లులు.

"నీ పెట్టె నా బట్టలు తింటున్నది" అన్నాను ఒకనాడు.

"దానికి పెట్టనీకి ఇంకేమున్నదే మనింట్ల?" అన్నాడు.

ఆయన లేనప్పుడు ఒకసారి నేనే మీట కొట్టి చూశాను, ఆయన కొట్టినట్టే. అవతల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత తొర్రూరు అంగట్లో మరిది కనబడి నవ్వాడు.

"మొన్న కొట్టింది నువ్వే గదా వదినా? నడక చూస్తె మనిషి ఎర్కైనట్టే గిది గూడ. అన్న చెయ్యి కాకుంటె నేను పలుక."

లారీలు ఎన్నిసార్లు పోయినా ఆ ఊళ్లో ఖాళీ ఇళ్లే దొరికేవి. ఒక పొద్దున మళ్లీ వచ్చాయి. ఈయన ఎప్పటిలాగే కొట్టాడు. కానీ ఈసారి మిగతావి ముందుకు పోయినా, ఒక లారీ మా ఊళ్లోనే ఆగింది. దొర మనిషి ఒకడు పోలీసు జమేదారును మా వాకిట్లోకి తీసుకొచ్చి, చీర ఎత్తి చూశాడు.

"ఏమే, రాగితీగ మీద ఆరేసుకునేటంత ఉన్నోళ్లైండ్రా మీరు?"

పెట్టె ఎక్కడని అడిగారు. ఈయన చెప్పలేదు. కుడిచేయి మా రోటి మీద పెట్టి, మా రోకలితోనే దంచారు. నేను పసుపు దంచిన రోలు అది. వేళ్లు ఎన్ని మిగిలాయో చూడలేదు, చూడబుద్ధి కాలేదు. ఆయన అరుపు వినలేక నేనే గుమ్మి వైపు చేయి చూపించాను. చూపించకపోయినా తీగ పట్టుకుని పోయేవాళ్లే.

జమేదారు పెట్టెను బయటికి తెప్పించాడు.

"పోలీసులు పోయిన్రు, దిగి రమ్మని కొట్టు. మా వాళ్లు అక్కడ ఇండ్లల్ల దాగి కూసున్నరు. వీనికి మీట కొట్టుడు వచ్చు" అని పక్కనున్న పోలీసును చూపించాడు. "ఒక్కటి తప్పు కొట్టినా నీ పెండ్లాం పీక కోస్త."

కత్తి నా మెడ మీదే ఉంది. ఆయన నన్ను చూశాడు. తర్వాత ఎడమచేత్తో కొట్టాడు. తప్పులేమీ లేవు, ఆ పోలీసు తలూపాడు. కానీ ఆ టకటక ఆయనది కాదు. ముసలివాడు మెట్లు దిగినట్టుంది. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నేల చూశాం.

సాయంత్రానికి ఆ లారీలు వట్టివే తిరిగొచ్చాయి. గుట్ట దిగి ఒక్క మనిషీ రాలేదు.

"ఏం కొట్టినవ్‌రా?" అన్నాడు జమేదారు.

"నువ్వు చెప్పిందే కొట్టిన సర్కార్. చెయ్యే మీరు ఉంచకపోతిరి."

ఆ రాగితీగ తెంచి, దానితోనే ఈయన్ను వేపచెట్టుకు కట్టి తుపాకితో కాల్చారు. తీగ చర్మంలోకి దిగిపోయింది. విప్పడానికి నాకు పొద్దుపోయింది.

దినాలకు మరిది వచ్చాడు. వెంట ఆ ఊరి ఆడవాళ్లు వచ్చారు.

"ఎడమ చెయ్యని ఎర్కైంది వదినా" అన్నాడు. "ఎందుకు కొడుతుండో గూడ ఎర్కైంది. మీట పట్టుకొని కూసున్న. పలుకలే."

"మంచిగ చేసినవ్" అన్నాను. గుట్ట మీదివాళ్లు దిగొచ్చి చచ్చినా పోలీసులు ఈయన్ను బతకనిచ్చేవాళ్లు కాదు. అది తెలిసీ, మరిది మొహం చూస్తే ఉమ్మాలనిపించింది.

ఆడవాళ్లు నన్ను వాకిట్లో కూర్చోబెట్టారు. గాజులు పగలగొట్టాలి. చంకలో పసిబిడ్డతో ఉన్న ఒకామె నా చేయి అందుకుంది. ఆ బిడ్డ బతికింది ఆ ఎడమచేతి వల్లే.

"రోటి మీద వద్దక్కా" అన్నాను.

"ఏ రాయైతే ఏందే, జర కదలకు" అంది. ఆ రోటి సంగతి ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. మరిది మాత్రం నా మాటతో పోల్చుకుని, చెప్పులు వేసుకోకుండానే లేచి బయటికి పోయాడు.

ఆమె నా కుడిచేయి రోటి మీద పెట్టి, రాయి ఎత్తింది.