దుర్గాబాయి అయిదు కత్తిరింపులు

శామీర్‌పేట వెంచర్ల గోడల మధ్య మిగిలిన రెండెకరాల ద్రాక్షతోట దుర్గాబాయిది. తన కత్తెర ఇంకొకరి చేతికి ఇచ్చే మనిషి కాదు. దసరా ముందు కత్తిరింపులో కూలివాళ్లు కోసిన తీగను కూడా మళ్లీ చూసి, మొగ్గ దగ్గర సరిచేసేది.

కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆమె చెంపలూ ముక్కూ ఎర్రగా కమిలాయి. వేళ్లు పట్టేసి, కత్తెర మూయడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. మేడ్చల్‌లో డాక్టర్ పద్మజ రక్తపరీక్షలు చూసి లూపస్ అంది.

"ఒంటిని కాపాడే తెల్లకణాలే పొరబడుతున్నాయమ్మా. క్రిముల్ని పట్టుకోవాల్సినవి మీ సొంత కణాల్నే పరాయివనుకుంటున్నాయి. కొన్ని ఉసిగొల్పుతుంటే, కొన్ని యాంటీబాడీలు తయారుచేసి మీ మీదికే వదులుతున్నాయి. కిడ్నీల దాకా పోకుండా ఈ గోళీలు వాటి జోరు తగ్గిస్తాయి. ఎండ తగలనీయకండి, గోళీ మానకండి."

ఇంట్లో ఉండే పెద్దాడబిడ్డ వజ్రమ్మ ఆ మాట విని చేతులు తిప్పింది.

"లోకమంత ఇమ్యూనిటీ పెంచుకుంటాంటె నీ డాక్టరమ్మ తగ్గిస్తదా? దానికేమన్న పిచ్చా?"

మర్నాటి నుంచి గ్లాసెడు తిప్పతీగ కషాయం. ఆ ఏడాది ఇంటింటా కాగిందే అది. దుర్గాబాయికీ నిజమేననిపించి గోళీల డబ్బాకు మూతపెట్టింది. రెండు నెలలకు కాళ్లు ఉబ్బాయి, మూత్రంలో నురగ కనిపించింది. జబ్బు కిడ్నీలకు పాకిందని పద్మజ చెప్పింది. గోళీలు మానడం పెద్ద తప్పనీ, కషాయం ఆ కణాల్ని ఇంకా రెచ్చగొట్టి ఉండొచ్చనీ అంది. దుర్గాబాయి ఏడవలేదు. గోళీలు మళ్లీ మొదలుపెట్టింది.

దసరా దగ్గరపడింది. పొద్దెక్కక ముందే మొగుడి పొడుగుచేతుల చొక్కా తొడిగి, మొహానికి తువ్వాల చుట్టి పందిరి కిందికి వెళ్లింది. వెనకే గ్లాసు పట్టుకుని వజ్రమ్మ.

"మంచమెక్కాల్సినదానివి కత్తెర వట్టినవా? తాగు పిల్లా, బలమొస్తది."

"వదినె, గీ తీగెను కొయ్యకుంటె ఏమయితది?"

"గంత తెల్వదా? ఆకే మస్తుగ ఎక్కుతది. కాయ రాదు."

"మరి నా ఒంట్ల గా తెల్లకణాలు గట్లనే ఎక్కినయి. గోళీలు కత్తిరిస్తున్నయి. నువ్వేమొ ఎరువేస్తున్నవ్."

దుర్గాబాయి వజ్రమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని పందిరి గుంజ మొదట్లో పారబోసింది.

"గీ కట్టెకు తాపు. దీనికి తెల్లకణాల్లేవు."

అలా అయిదు దసరాలు తోట కత్తిరింపు ఆమె చేతి మీదుగానే జరిగింది. వేళ్లు వంగని రోజున గుడ్డతో కత్తెరను అరచేతికి కట్టుకునేది. ఎండ పందిరి దాటి లోపలికి రాగానే, ఎవరేమనుకున్నా, సగం వరసలో వదిలేసి ఇంటికి నడిచేది.

ఆరో ఏడు వానల్లో ఊపిరితిత్తులకు నిమ్ము చేసి దుర్గాబాయి పోయింది. దినాల నాడు అల్వాల్ నుంచి వచ్చిన చుట్టమొకాయన వక్క నములుతూ, "గా గోళీలే పానం దీసినయి" అన్నాడు.

వజ్రమ్మ విస్తరి ముందు నుంచి లేచింది.

"నోరు ముయ్యవయ్యా! దానికి నా కషాయమిచ్చింది రెండు నెలల్ల కాళ్లవాపు. గోళీలిచ్చినయి అయిదు పంటలు. తెల్వకుంటె తిని పో."

ఆ దసరాకు కత్తెర వజ్రమ్మ పట్టింది. మొగ్గ దగ్గర వంకరగా కోసిన తీగను తనే తిట్టుకుని, మళ్లీ సరిచేసింది.