గోవిందస్వామి టిక్కు

మా గోవిందస్వామి ఏ వస్తువును చూసినా ముందు అడిగే మాట ఒక్కటే: "ఇది ఎవురికి కనపడాల?" ఇడ్లీ పొట్లం చూసినా అదే, పెళ్ళికొడుకును చూసినా అదే.

మదనపల్లెలో ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. ఆ ఇళ్ళు దగ్గరుండి కట్టించేవాణ్ణి నేను. రెండువేల ఏడులో బెంగళూరు వెళ్ళి, ఆరు వారాలు ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చాడు. అంతే, మనిషి మనిషిలా లేడు.

"ఇన్నాళ్ళూ తలుపంటే రెండు గీతలప్పా. ఇప్పుడు తలుపంటే తలుపే! గొళ్ళెం, బందులు, పిడి, అన్నీ ఉండాయి. ఒక్కోదానికీ ఒక టిక్కు. పెడితే ప్లాన్ షీట్‌లో కనపడతాది, తీస్తే కనపడదు."

"తీస్తే ఊడిపోతాదా?"

"యాడికి పోతాది? ఆడే ఉండాది. కనపడదు, అంతే."

ఆ రోజు నుంచి ఇంటికి చుట్టాలొస్తే భార్య సుధారాణితో, "ఆ దండెం మీది గుడ్డలకి టిక్కు తీసెయ్" అనేవాడు. "నీ తిక్కకి టిక్కు తీసేవాళ్ళు యాడుండారో!" అని ఆమె గుడ్డలతో పాటు ఈయన్నీ లోపలికి తోసేది.

ఒకసారి అతని బామ్మర్ది ప్రదీప్‌కు సంబంధం చూడ్డానికి కుప్పం వెళ్ళాం. ప్రదీప్‌కు నడినెత్తిన అరచేయంత బట్టతల. నాకు ఒకటే గుబులు. గోవిందస్వామి మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "అది ఎలివేషన్‌లో లేదప్పా, ప్లాన్‌లోనే ఉండాది, పైనుంచి సూస్తేనే. ఎదురుగా కూర్సున్నోళ్ళకి కనపడదు." తీరా చూస్తే పిల్ల మిద్దె మీద నిలబడి కిందికి చూస్తోంది! కాఫీ కూడా ఇవ్వకుండా పంపించారు.

ఇదంతా నవ్వులాటే. పుంగనూరు సంగతి అట్లాంటిది కాదు.

అబ్రహాము గారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, కృపమ్మ గారు నర్సు. ఇద్దరూ రిటైరై, ఉన్నదంతా పోసి పుంగనూరులో ఇల్లు మొదలుపెట్టారు. నేను సదుంలో ఇంకో పనిమీద వారం ఉండి తిరిగొచ్చి చూద్దును గదా, ముందర మెట్లు లేవు! మెట్లుండాల్సిన చోట వాలుగా దారి పోస్తున్నారు. వాకిళ్ళన్నీ కోట గుమ్మాల్లా వెడల్పు. స్నానాల గదిలో గోడ పొడుగునా కమ్మీ.

"ఏమి మేస్త్రీ ఇది?"

"షీట్‌లో ఉండేదే అన్నా."

షీట్ లాక్కుని చూస్తే నిజమే. మరి ఆ ముసలాళ్ళకు ఇచ్చిన షీట్‌లో చక్కగా మూడు మెట్లున్నాయే! ఇంటివాళ్ళకు ఒక ఇల్లు, మేస్త్రీకి ఒక ఇల్లు! ఓరి నీ దుంపతెగ, ఇంత మోసమా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ షీట్ పట్టుకుని ఆమడదూరం నుంచే అరుచుకుంటూ వాళ్ళుండే అద్దె ఇంటికి పరిగెత్తాను.

"అన్యాయం సార్! మీ మెట్లు మాయం చేసినాడు!" అంటూ షీట్ ఇద్దరి ముందరా పరిచాను.

అబ్రహాము గారు ఎగిరి ఆ షీట్ మీద కూర్చున్నారు. మిగిలిన సగం మీద కృపమ్మ గారు పైట కప్పేశారు.

"నువ్వు సూడొద్దు కృపా!"

"మీరు సూడొద్దండీ!"

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి.

"నీ కాలు ఇంగ రెండేండ్లకు మించి పనిచెయ్యదని డాక్టరు నాతో చెప్పినాడు," అన్నారు అబ్రహాము గారు. "సక్రాల కుర్చీ అని తెలిస్తే నువ్వు కుంగిపోతావని, గోవిందస్వామితో చెప్పి వాలు పెట్టించి, మన షీట్‌లో దాపించినా."

"ముప్పై ఏండ్లు నర్సుగా చేసినదాన్ని, నా కాలి సంగతి నాకు తెలీదా? మీరు బెంగపెట్టుకుంటారని నేనూ ఆయన్తోనే చెప్పి దాపించినా!"

ముందు కృపమ్మ గారే నవ్వారు. నాకేమో సిగ్గుతో తల తీసేసినట్టయింది.

అంతలో, మేస్త్రీ నోట సంగతి విన్న గోవిందస్వామి రొప్పుతూ వచ్చాడు. "నాకొక్కడికన్నా చెప్పకూడదా?" అని మీద పడ్డాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదప్పా. అందుకే నీకూ టిక్కు తీసేసినా."

ఎండ అని ఆమె ఆయన్నీ, దుమ్ము అని ఆయన ఆమెనూ అడ్డుకుని, ఇద్దరూ అంతవరకు ఆ ఇంటి గడప తొక్కలేదట. ఆ పూటే ఆటోలో తీసుకుపోయాం. కృపమ్మ గారు కమ్మీ పట్టుకుని స్నానాల గదిలో ఆ చివరిదాకా నడిచారు. తర్వాత బయటి వాలు దగ్గరికి వచ్చి, "ఈడ రెండు పక్కలా కమ్మీలు యాల? నాకు ఒక పక్క సాలు గదా?" అన్నారు.

గోవిందస్వామి నసిగాడు. "రెండోది సార్‌కి. మా ఆఫీసు మెట్లెక్కేటప్పుడు సార్ మోకాలు పట్టుకుంటాంటే సూసినా."

"నా మోకాలికేమిరా? రాయి మాదిరి ఉండాది! ఎవురు పెట్టమన్నారు నిన్ను?" అబ్రహాము గారు ఆటో డ్రైవరు కూడా తొంగిచూసేంత గట్టిగా తిట్టారు.

తిడుతూనే వాలు దిగారు, రెండో కమ్మీ పట్టుకుని.