గ్రూపులోంచి తీసేసిన మనిషి

గల్ఫ్‌లో మేముండే సీబ్ ఊళ్లో మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఎవరూ ఎన్నుకోలేదు, మొదట గ్రూపు పెట్టినవాణ్ణి కాబట్టి దక్కింది. అయినా మంత్రి పదవి వచ్చినంత బడాయి పోయాను.

నా స్నేహితుడిది అవతలి పార్టీ. ఆరేళ్లు ఇద్దరం నా కారులోనే అజైబాలోని ఆఫీసులకు వెళ్లాం. దారి పొడవునా వాదించుకునేవాళ్లం, దిగేముందు నవ్వుకునేవాళ్లం. మొన్నటి ఎన్నికలప్పుడు ఆ నవ్వు కాస్తా పోయింది. గ్రూపులో మా నాయకుణ్ణి వాడేదో అన్నాడు, నేను అంతకు రెండింతలు అన్నాను. చివరికి జవాబు తోచక వాణ్ణి గ్రూపులోంచి తీసేశాను. మర్నాడు వాడి ఇంటి ముందు కారు ఆపలేదు. ఆ తర్వాత కూడా ఆపలేదు.

కొన్ని నెలలకు వాడి నాయకుడి తల్లి పోయింది. మా నాయకుడు అందరికంటే ముందు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఎన్నికల్లో ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నవాళ్లే! ఆ ఫోటో గ్రూపులో పెట్టి, ‘రాజకీయం వేరు, మనిషితనం వేరు. ఇదీ మా నాయకుడి సంస్కారం’ అని రాశాను. చప్పట్లు, దండాలు వరస కట్టాయి.

మా ఇంట్లో పనిచేసే కడప అక్క వాడింట్లోనూ చేస్తుంది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగింది.

"ఏం సార్, ఆ సారు వాళ్ల నాయన పోయి నాలుగు దినాలాయ. మీరెవురూ పోలేదే? వాళ్లింటి మేడం గూడా ఇండియాలోనే ఉండాది. నేనే ఇంత అన్నం వండిపెట్టి వచ్చినా."

ఎవరింట్లో చావు కబురు వచ్చినా పది రోజులు పొయ్యి వెలిగించనివ్వకుండా క్యారేజీలు పంపడం మా గ్రూపు ఆనవాయితీ. వంతులు వేసేది నేనే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘మా నాన్న పోయాడు’ అని చెప్పుకునే మనిషి కాదు వాడు. చెప్పుకునే ఒక్క చోటూ నేను మూసేశాను. తప్పు నాదే.

పప్పూ అన్నం క్యారేజీలో సర్దుకుని వెళ్లాను. వాడే తలుపు తీశాడు. టికెట్ సమయానికి దొరకలేదట, వాళ్లన్న తలకొరివి పెడుతుంటే ఫోన్‌లో చూశాడట. క్షమించమని అడగబోయి, క్యారేజీ విప్పి కంచంలో వడ్డించాను. వాడు కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నం కలుపుకున్నాడు.

"నువ్వు పెట్టిన ఫోటో ఎవరో పంపారన్నయ్యా. మీ నాయకుడు నిజంగా గొప్పోడే," అన్నాడు.

ఆ మాటలో వెక్కిరింపు కోసం వెతికాను. ఉండుంటే నాకు కాస్త తేలికయ్యేది.