బావ పడవకు నీళ్లు

ఈ ఏడు వానలకు మా పాకాల దగ్గరి చెరువు నిండిందని ఎవరో చెప్పగానే నగరి నుంచి బావ ఫోను చేసి, పడవ ఎట్లా ఉందని అడిగాడు. మా అటక మీద దుమ్ము కొట్టుకుపోయిన ఆ పడవ ఒక్కసారైనా నీళ్ల మీద తేలలేదన్న ఉక్రోషం ఆయనకు ఈ వయసులోనూ తగ్గలేదు.

అప్పట్లో సెలవురోజు పొద్దుపోవడానికి మనకు ఏముండేవి గనక? రైల్వేలో ఫిట్టరుగా పనిచేసే బావ, అంటే మా అక్క భర్త, మద్రాసు రేవులో చూసిన ఓడను మనసులో పెట్టుకుని, ఇనుప రేకుతో మంచమంత పొడవున అలాంటి బొమ్మ పడవే చేశాడు. నీళ్లలో ఒరిగిపోకూడదని అడుగున ఇనుప ముక్కలు పేర్చి బోల్టులు బిగించడంతో, ఇద్దరం ఎత్తినా నడుములు పట్టేసేంత బరువైంది. బస్సు టాపు మీదికి ఎక్కించబోతే కండక్టరు "ఏమప్పా, దీనికి ఆఫ్ టిక్కెట్టా, ఫుల్ టిక్కెట్టా?" అని ఎగతాళి చేసి దింపించాడు. ఎద్దులబండిలో తీసుకుపోతే కట్ట మెట్ల మీద బావ కాలు జారి, పడవ ముక్కు వంగింది. చేతుల మీద మోసుకుపోతే సగం దారిలోనే పొద్దు వాలిపోయేది, ఆ విసుగంతా బావ నా మీద వెళ్లగక్కేవాడు.

ఆ ముక్కు సరిచేస్తూ చిరచిరలాడుతున్న బావను చూసి, బిందెతో నీళ్లు తెస్తున్న అక్క ఆగింది.

"నిండు బిందె ఎత్తుకోని ఎవురన్నా బాయికి పోతారా? ఆ బరువంతా ఈడ్నించే మొయ్యాల్నా?"

బావ సుత్తితో ఇంకా గట్టిగా కొట్టి ముక్కు పని ముగించాడు. తర్వాత చడీచప్పుడు లేకుండా ఇనుమంతా విప్పి తీసేశాడు. ఒట్టి పడవను నీళ్లలో దింపి, అక్కడి ఇసుకనే సంచుల్లో నింపి లోపల సర్దాలని ఆలోచన. ఆ రోజు దుప్పటి చుట్టిన పడవను ఆయనొక్కడే భుజాన పెట్టుకుని నడిచాడు. తీరా చూస్తే, ఎండలకు నీళ్లు మెట్లు వదిలి చెరువు నడిమికి పోయాయి, మధ్యలో మోకాలి లోతు బురద. మళ్లీ వానలు పడకముందే ఆయనకు బదిలీ అయింది. ఆ పైన సెలవు దొరికిన ఏడు నీళ్లు లేవు, నీళ్లున్న ఏడు సెలవు లేదు.

ఈ ఉదయం చెరువు చూడటానికి వెళ్లాను. కట్ట మీద నడకదారి వేశారు, మెట్లు పూడ్చేసి ఛాతీ ఎత్తున ఇనుప కంచె కట్టారు. ఒకప్పుడు బరువు మోయలేక చేరలేకపోయిన చోటికి ఇప్పుడు ఆటో నేరుగా వస్తుంది, అక్కడి నుంచి నీళ్లను చూసి తిరిగి రావడమే.

అంతలోనే ఫోను. "ఆదివారం వస్తా ఉండా. సంచులు నేను తెస్తా. నీళ్లు యాడిదాకా ఉండాయి?"

కంచె పట్టుకుని నిలబడి, "మెట్లన్నీ మునిగినాయి బావా" అన్నాను.