వరస కలవని మనిషి

కౌన్సెలింగ్ పేపరుకు మా మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. క్లయింటుగా ఎవరిని తెచ్చుకున్నా సరే, ఆ మనిషి మాకు చుట్టం కాకూడదు. చుట్టమైతే మనం వినం, తీర్పు చెప్తాం అన్నారు. నేను బుద్ధిగా రాసుకున్నాను. మా జిల్లాల్లో అది ఎంత అసాధ్యమో అప్పటికి నాకు తట్టలేదు.

ఎమ్మెస్‌డబ్ల్యూ చివరి ఏడాది అది. మనుషుల కష్టాలు ఎలా వినాలో తరగతిలో కూర్చోబెట్టి నేర్పి, ఆఖరికి మమ్మల్ని ఊళ్ల మీదికి వదులుతారు. ఒక్క మనిషితోనైనా కొన్ని వారాల పాటు కూర్చుంటేనే పాసు. మాది రఘునాథపల్లి దగ్గర. అక్కడ గొడ్డూ గోదా తప్ప అందరూ మాకు చుట్టాలే కాబట్టి, నన్ను కురవి వైపు వేయమని అడిగాను. అక్కడొక పల్లె దవాఖానలో, మందుల డబ్బాల మధ్య రెండు కుర్చీలు పట్టే గది ఇచ్చారు.

మొదట వచ్చింది ఒక పెద్దాయన. పొలం గట్టు గొడవలో తమ్ముడితో మాటల్లేవని, అప్పటినుంచి అన్నం సహించడం లేదని నర్సు పంపింది. నేను పుస్తకంలో ఉన్నట్టే కాస్త ముందుకు వంగి, "చెప్పు బాపూ" అన్నాను.

"ముందుగాల నువ్వు చెప్పు బిడ్డా. మీ ఇంటిపేరేంది? మీ అమ్మమ్మోళ్లది ఏ ఊరు?"

చెప్పకూడదని తెలుసు. కానీ ఇంటిపేరు కూడా చెప్పని మనిషికి ఎవరైనా తమ కష్టం చెప్తారా? చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, నాలుగైదు ఊళ్లూ రెండు మూడు పెళ్లిళ్లూ మనసులోనే తిరిగొచ్చి, "అరె, నువ్వు నాకు మేనకోడలివైతవ్!" అని లేచి నిలబడ్డాడు. ఇక గట్టూ లేదు, తమ్ముడూ లేడు. ఇంకా నా పెళ్లి చేయనందుకు మా నాయినను తిట్టి, నన్ను ఇంటికి తీసుకుపోయి కోడికూరతో అన్నం పెట్టించాడు. పక్కనే కూర్చుని తనూ కడుపునిండా తిన్నాడు. సంతోషంగా మేడమ్‌కు ఫోన్ చేస్తే, "క్లయింటు ఇంట్లో భోంచేశావా?" అన్నారు. ఆయనకు ఆకలి పుట్టిన సంగతి ఆమెకు పట్టనే లేదు.

తర్వాత ఒక అక్క వచ్చింది. వాళ్లు క్రైస్తవులు. ఎంత వెతికినా మా రెండిళ్లకు ఎక్కడా చుట్టరికం తగల్లేదు. నాకు లోపల పండగే. ఆమె మాత్రం నన్ను దిక్కులేని పిల్లను చూసినట్టు చూసి, "ఫికర్ చెయ్యకు. ప్రభువుల నువ్వు నాకు చెల్లెవే" అంది. ప్రభువులో చెల్లెలు చుట్టం కిందికి వస్తుందా అని మేడమ్‌ను అడిగాను. బాగా ఆలోచించి, మర్నాడు ఫోన్ చేసి, వస్తుందన్నారు.

నాకు ఒళ్లు మండింది. మా వైపు వరస కలిస్తే తప్ప నోరు విప్పరు. వరస కలిసిందో, ఇక ఆ మనిషి దగ్గర నోరు విప్పించకూడదని మేడమ్. ఈ చదువు చదివేకంటే జనగామలో బట్టల కొట్టు పెట్టుకుంటే చుట్టాలంతా గిరాకీ అయ్యేవాళ్లు కదా అనుకున్నాను.

చివరికి భూపాలపల్లి జిల్లాకు, చిట్యాల వైపు ఒక ఊరికి మార్పించుకున్నాను. అక్కడ కలిసిన మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా కాస్త మార్చే రాస్తున్నాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. నిద్ర పట్టడం లేదని, పక్కింటామెను తోడు తీసుకుని వచ్చింది. పక్కింటామె కూర్చోకముందే మొదలుపెట్టింది.

"పిల్లా, మీదేడ? జనగామ దిక్కా? మరి ఈమె అమ్మమ్మోళ్లు గూడ గటే గదా..."

"ఆపు," అంది నిద్ర లేని ఆమె. "వరస కలపకు."

నేను సరిగానే విన్నానా అనుకున్నాను. ఆమె పక్కింటామెను బయటికి పంపి తలుపు దగ్గరకు వేసింది.

"ఊరు నిండ నాకు చుట్టాలే బిడ్డా. ఒక్కలకు చెప్పుకోలేను. నువ్వు నాకేం గావు గద?"

"ఏం కాను."

"గట్లనే ఉండు."

అప్పుడు చెప్పింది. పక్షవాతంతో మంచాన పడిన అత్తకు ఏళ్ల తరబడి ఒక్కతే చేసింది. ఎత్తింది, కడిగింది, తినిపించింది. కోడలంటే ఆమెలా ఉండాలని చుట్టుపక్కల ఊళ్లలో కూడా చెప్పుకున్నారు.

"ముసల్ది పోయిన నాడు నాకు సంబురమైంది," అంది గొంతు తగ్గించి. "శవం మీద వడి ఏడిసిన. లోపల మాత్రం, ఇయ్యాల నడుం వాలుస్త అనుకున్న. వాలిస్తే నిద్ర రాదు. తెల్లారుగట్ల లేసి, ముసల్దాన్ని పక్కకు తిప్పాలె అని చేతులు చాస్త. మంచం మీద ఎవ్వలుండరు."

ఇలాంటప్పుడు ఏమనాలో నేర్పిన వాక్యాలన్నీ మర్చిపోయాను. ఊరికే కూర్చున్నాను. ఆమెకు కావలసింది కూడా అదేనేమో, వారం వారం వచ్చింది. ఒక వారం తెల్లారేదాకా మెలకువ రాలేదని చెప్పి, దొంగతనం చేసినదానిలా నవ్వింది. మేడమ్ షరతు మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఒక ఆదివారం ఇంటికి వెళ్తే మా అమ్మ అందుకుంది.

"చిట్యాల దిక్కు పోతున్నవా? ఆడ మా చిన్నమ్మ బిడ్డ..."

"అమ్మా, చెప్పకు!" అని రెండు చెవులూ మూసుకున్నాను.

"ఏమైందే? చెవుల పురుగు వడ్డదా?" అని పాపం ఆమె కొబ్బరినూనె తేబోయింది.

నా ఫీల్డ్‌వర్కు చివరి రోజు ఆ చిట్యాల ఆమె లేచి వెళ్తూ, "ఇంకొక్క మాట ఉన్నది. గదే అన్నిటికన్న బరువున్నది. ఇయ్యాల నోరు వస్తలేదు" అంది. మార్కులతో పని లేకపోయినా వచ్చే గురువారం వస్తానన్నాను.

ఆ గురువారం లోపలే జనగామలో ఒక పెళ్లి. ఫంక్షన్ హాల్లో పప్పు వడ్డించుకుంటుంటే మా అమ్మ నా మోచేయి పట్టి లాక్కుపోయింది.

"గీమెనే నీకు పెద్దమ్మ. మా చిన్నమ్మ బిడ్డ. కాళ్లు మొక్కు."

ఆమే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బయట కలిసినప్పుడు తెలిసినట్టు పలకరించకూడదని మేడమ్ నేర్పారు. అందుకే కొత్తవాళ్లకు మొక్కినట్టు మొక్కాను. ఆమె నన్ను లేపింది. మా అమ్మ ఉత్సాహం ఆగలేదు.

"అత్తకు ఈమె చేసిన సేవ ఎవ్వలు చెయ్యరే. నువ్వు గూడ రేపు గట్లనే చెయ్యాలె. జర నేర్చుకో."

ఆమె తల దించుకుంది. అమ్మ నోరు మూయించాలని ఉంది, ఏమని మూయించను? అమ్మ మంచినీళ్లకు వెళ్లగానే దగ్గరికి జరిగాను.

"గురువారం వస్తా. ఆ మాట..."

ఆమె నా జడ ముందుకు వేసి సర్దింది. కళ్లలో నీళ్లున్నాయి.

"రా బిడ్డా, అన్నం వండి పెడ్త. మాట మాత్రం ఇగ నీకు చెప్పలేను. పెద్దమ్మనైతి గద."