కట్టు బాగానే కట్టినాడు

మా బజారులో బట్టల కొట్లలో కుర్చీ ఉండదు. గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్లదుప్పటి, ఒక మూల దిండు, అంతే. శెట్టి అనేవాడు పొద్దున మఠం వేసుకుని కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేవాలి. మా నాయన బతికినన్నాళ్ళూ అలాగే కూర్చున్నాడు. నేనూ కూర్చోవాల్సినవాణ్ణే. ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు పరుగుల దగ్గర, ఆ భాగ్యం పోగొట్టుకున్నాను.

అరవైల మొదట్లో సంగతి. నాకప్పటికి నలభై మూడేళ్ళు. ఆ వయసులో తెల్ల ప్యాంటు తొడుక్కుని బ్యాటు భుజాన వేసుకుని పోతుంటే అనంతపురం బజారు ఊరికే ఉంటుందా? అందులోనూ మా మైదానంలో మందుకు కూడా గడ్డి ఉండేది కాదు. ఎర్ర గరుసు నేల. దాని మీద కొబ్బరిపీచు చాప పరిచి, చుట్టూ ఇనుప మేకులు కొట్టి ఆడేవాళ్ళం. పడ్డామంటే మోకాలి తోలు అక్కడే వదిలిపెట్టి రావడమే. నా చిటికెన వేలు ఒకటి అప్పటికే వంకర. ఆ వేలితో నేను బట్ట కొలుస్తుంటే ఆడవాళ్ళు చీర మాని వేలే చూసేవాళ్ళు.

జట్టులో నా ఈడువాడు ఒక్కడే. వికెట్ల వెనక నిలబడేవాడు. మా వీధిలోనే, మా ఇంటికి ఎదురుగానే ఇల్లు. విరిగిన ఎముకలకు కట్టు కట్టడం వాళ్ళింట్లో తాత నాటి నుంచి వస్తున్న పని. చెట్టు మీంచి పడ్డవాళ్ళు, ఎద్దు తన్నినవాళ్ళు తెల్లవారేసరికి వాళ్ళ అరుగు మీద ఉండేవాళ్ళు. అతను నన్ను శెట్టీ అనేవాడు, నేనతన్ని భాయ్ అనేవాణ్ణి. ఇరవై ఏళ్ళు కలిసి ఆడాం.

ఆ ఏడు ఒకరోజు బంతి వెంట పరుగెత్తుతూ చాప మేకుకు కాలు తగిలి పడ్డాను. మోకాలు మెలి తిరిగింది. నన్ను మోసుకెళ్ళి భాయ్ అరుగు మీదే పడేశారు. అతను బొటనవేలితో మోకాలంతా తడిమి చూశాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, గుడ్డకు పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు.

"మూడు కట్లు కట్టాల, కట్టుకు పది దినాలు. అంతవరకు పరుగు మాట ఎత్తద్దు. ఇంగొకసారి తిరిగిందంటే ఈ కాలు మడవను రాదు శెట్టీ. పరుపు మీద యాడ కూచుంటావు?" అన్నాడు.

కాలు సంగతి అలా ఉంచితే, ఇంట్లో గుడ్డు పెద్ద గొడవైంది. మేము ఉల్లిపాయే చూసి చూసి తినే జనం. నన్ను వీధి దాటించకముందే మా అమ్మకు వాసన తగిలింది. "ఆ సొన పూసుకొని నా గడప తొక్కినావంటే చూడు!" అంది. వసారాలో మంచం వేశారు. నా భార్య అన్నం పళ్ళెం అల్లంత దూరాన పెట్టి ముక్కు మూసుకునేది. వీధిలో పిల్లులన్నీ నా భక్తులైపోయి మంచం చుట్టూ కూర్చునేవి.

బుద్ధిగా పడుకుని ఉంటే బాగుపడేవాణ్ణి. కానీ రెండో కట్టు మీద ఉండగానే రాయదుర్గం జట్టుతో ఆట వచ్చింది. ఆ ఏటికి అదే ఆఖరిది. మా కెప్టెన్ కుర్ర వకీలు, మర్యాదస్తుడు. "వచ్చే ఏటి నుంచి నువ్వు స్కోరు రాయన్నా, పిల్లోళ్ళకు చోటియ్యాల కదా" అని ముందే చెప్పి ఉన్నాడు. అంటే నాకూ అదే ఆఖరి ఆట. ఆ ఏడు వానలు లేవు. వానలు లేకపోతే చేతిలో కాసు ఆడదు, బట్టల కొట్టు గడప ఎవరూ ఎక్కరు. వారమంతా విప్పిన తానులే మళ్ళీ విప్పి మడిచేవాణ్ణి. ఆదివారం ఆ చాప మీద నిలబడితేనే నేను బతికున్నట్టు అనిపించేది. ఇందులో దాచుకునేదేముంది? నాకు ఆట కావాలి, అంతే.

కాలు బాగైపోయిందని కెప్టెన్‌కు అబద్ధం చెప్పాను. కట్టు మీద ప్యాంటు ఎక్కేలా కుడికాలు ఒక్కటీ వెడల్పు చేయించాను. భాయ్‌కు మాత్రం చెప్పలేదు.

మైదానంలో నన్ను చూడగానే అతని ముఖం మారిపోయింది. "ఏందప్పా అది, ఒక కాలికి ప్యాంటు, ఒక కాలికి లంగానా?" అన్నాడు. మా వాళ్ళు నవ్వారు, అతను నవ్వలేదు. తర్వాత నా పక్కన వచ్చి కూర్చుని, "నువ్వు నిల్చుకొని కొట్టు. నీ బదులు పరుగు నేను తీస్తా. కాలు కదిలిస్తివా, ఆడనే ఇరగ్గొడతా" అన్నాడు.

దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకరు పరుగెత్తడం ఆటలో ఉన్నదే. అవతలి కెప్టెన్ ఒప్పుకోవాలి. రాయదుర్గం కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "పోనీలేప్పా, పెద్దాయప్ప" అన్నాడు. మోకాలి నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఆఖరివాడిగా దిగాను. ఆరు పరుగులు కావాలి. అవతల ఉన్న కాలేజీ కుర్రాడు ఓవరు ఆఖరి బంతికి ఫోర్ కొట్టాడు. ఇంక రెండు. బంతి నా దగ్గరికి వచ్చింది, పొట్టిగా, కొంచెం పక్కగా. ఇరవై ఏళ్ళుగా అలాంటి బంతిని నేను ఒకేలా కొట్టేవాణ్ణి. కొట్టాను. ఇద్దరు మనుషుల మధ్యలోంచి దూసుకుపోయింది.

దూసుకుపోయిన బంతిని చూసి పరుగెత్తాను.

నా బదులు పరుగెత్తే మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను. కాలికి కట్టుందని మరిచిపోయాను. నా వయసూ మరిచిపోయాను. ఐదో అడుగులో పక్క నుంచి కేక వినిపించింది. "నిల్చుకో శెట్టీ! నేనుండా!" చూస్తే భాయ్ నా పక్కనే పరుగెత్తుతున్నాడు. వెనక్కి తిరగబోయాను. కట్టులో వెదురు బద్ద పటుక్కుమంది. పడ్డాను. ఈలోగా బంతి వచ్చింది, వాళ్ళు నా వైపు వికెట్లు పడగొట్టారు. బదులు మనిషి ఉన్నా కొట్టినవాడు గీత దాటితే అవుటే, దాటి పడి ఉన్నది నేను. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం.

అందరూ మూగారు. "ఎవరు పరుగెత్తమన్నారు నిన్ను?" అని కెప్టెన్ అరిచాడు.

నేను నోరు తెరిచేలోపల భాయ్ అందుకున్నాడు. "నేనే పొమ్మన్నా. నా కాలు పట్టేసింది. కట్టు కూడా వదులుగా కట్టింటి, తప్పు నాదే."

రెండూ అబద్ధాలే. నొప్పితో నాకు మాట రాలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నా నోరు బాగానే ఉంది. జనం నవ్వుతారని భయపడి ఊరుకున్నాను.

పొద్దు వాలేసరికి ఊరంతా పాకిపోయింది. కట్టేవాడే వదులుగా కట్టానని ఒప్పుకున్నాక ఇంక ఎవరొస్తారు? వారం తిరగకుండా అతని అరుగు ఖాళీ అయింది. విరిగిన చేతులు బండెక్కి పొరుగూళ్ళకు పోయేవి. నేను మా వసారాలో పడుకుని అదంతా చూసేవాణ్ణి. అతను మాత్రం పది రోజులకొకసారి వచ్చి నాకు కట్టు మార్చేవాడు.

"ఎందుకట్ల చెప్పినావు భాయ్?" అని అడిగాను.

"నువ్వు మరిచిపోయినావని తెలిస్తే స్కోరు రాసేదానికి కూడా పిలవరు నిన్ను. నాకేమప్పా, ఈపొద్దు కాకపోతే రేపు వస్తారు" అన్నాడు. కానీ ఎవరూ రాలేదు.

నా కాలు బిగుసుకుపోయింది. కొట్లో పరుపు మీద కుర్చీ వేయించుకున్నాను. బజారులో కుర్చీ ఉన్న బట్టల కొట్టు నాదొక్కటే. వచ్చినవాళ్ళంతా కాలికేమైందని అడిగేవాళ్ళు. మొదట్లో మాట దాటేశాను. ఒకరోజు మా ఇంటి ఎదురరుగు మీద అతను ఒంటరిగా కూర్చుని మినప్పిండి జల్లించుకుంటుంటే చూసి, నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒకటే జవాబు. "కట్టు బాగానే కట్టినాడు. నేనే మరిచిపోయి పరుగెత్తినా." కెప్టెన్‌కూ చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వనీ.

మరుసటి ఏడు వాన పడింది. శ్రావణంలో ఒక పల్లెటూరి ఆమె చీర కోసం వచ్చింది. భాయ్ కూడా కొట్లోనే ఉన్నాడు. కాలికేమైందని ఆమె అడగనే అడిగింది, నేను మొదలుపెట్టాను.

"ఆయమ్మకు చీర చూపీ శెట్టీ. ఆ కథ ఊరంతా ఇనింది" అని విసుక్కున్నాడు భాయ్.

ఆమె వినిపించుకోలేదు. "ఆ కట్టు కట్టినాయప్ప యాడుంటాడన్నా? మా ఇంటాయన చెయ్యి ఇరిగి నాలుగు దినాలాయ" అంది.

పరుపు మీద, నేను కూర్చోవాల్సిన చోట, మఠం వేసుకుని కూర్చున్న మనిషిని చూపించాను.

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "రేపు పొద్దున్నే పిలుచుకొని రామ్మా" అన్నాడు. నాకు కళ్ళు నిండాయి. ఆమె చూడకుండా, కింద ఉన్న తాను తీసుకుందామని వంగాను. కుర్చీలోంచి చెయ్యి అందలేదు. అతనే తీసి నా ఒళ్ళో పెట్టాడు.