తెల్ల ఎడ్లకు కలర్ టీవీ

మా ఇంట్లో కలర్ టీవీ బాగుచేసింది తెల్ల ఎడ్లను చూడ్డానికి. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు. అప్పట్లో నేనూ నవ్వాను, కాకపోతే నాన్న అటు తిరిగి ఉన్నప్పుడు.

ఎనభైల చివరి రోజులు. అద్దంకి దగ్గర పల్లెటూరు మాది. నాన్న మిరప, పత్తి వేసేవాడు. నేను అద్దంకిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. వినుకొండ వైపు ఒక తిరునాళ్లలో బండలాగుడు పందెం పెడితే మా ఎడ్ల జత మొదట వచ్చింది. రైతుల కార్యక్రమం కోసం వచ్చిన టీవీ వాళ్లు నాన్నను రెండు ఎడ్ల మధ్యన పగ్గాలు పట్టుకుని నిలబడమని, ఎదురుగా నిలబడి బొమ్మ తీసుకుపోయారు. ఆ తర్వాత వానల్లో, గొడ్ల చావిట్లో పాము కరిచి ఎలపట ఎద్దు చచ్చిపోయింది. ఎలపటదంటే కాడికి కుడివైపు కట్టేది. ఎడమవైపు కట్టే దాపటది మిగిలింది. పక్కన దేన్ని కట్టినా అది అడుగు వేసేది కాదు. నాన్న దానికి ఏ పనీ చెప్పకుండా మేపుతూ, రోజూ పొద్దున్నే కాసేపు దాని ముందు నిలబడి వచ్చేవాడు.

ఆ జత ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. నా పెళ్లి ఫోటోల్లో భుజాలు తోసుకుంటూ చుట్టాలందరూ ఉన్నారు గానీ, ఎడ్లకు ఫోటో తీయించాలని ఎవరికి తోస్తుంది? అందుకే వ్యవసాయాధికారి వచ్చి, మీ ఎడ్లు వచ్చే నెల టీవీలో వస్తాయని చెప్పినప్పుడు నాన్న కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఆ రెండింటినీ కలిపి మళ్లీ చూసుకోవడానికి ఆయనకు మిగిలింది అదొక్కటే. వాళ్లు ఒక్కసారి వేస్తారు, అయిపోతుంది.

"ఎదురింట్లో టీవీ ఉందిగా, అక్కడ చూద్దాం" అన్నాను.

ఎదురింటాయన వరసకు నాన్నకు బావ. పందెంలో ఆయన జత రెండోది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఓడినోడి వసారాలో కూర్చుని గెలిచినోడు చూడాల్నా? అదీగాక ఆడిది నలుపూ తెలుపూ టీవీ."

"తెల్లెడ్లకి కలర్ ఎందుకు నాన్నా?"

"తెలుపంటే అంత తేలిగ్గా ఉందా నీకు? సున్నం తెలుపు వేరు, పత్తి తెలుపు వేరు. మన ఎలపటదాని తెలుపు ఇంకా వేరు."

నిజానికి కలర్ టీవీకి అన్నిటికంటే కష్టమైన రంగు తెలుపే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సరిపాళ్లలో పడితేనే అది తెలుపవుతుంది. ఈ సంగతి నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. నాన్న దగ్గర ఒప్పుకోవడం మాత్రం ఇష్టం లేకపోయింది.

కలర్ టీవీ మా మిరపకాయల కొట్లోనే ఉంది. ఒంగోలులో పొగాకు కంపెనీ గెస్ట్ హౌస్‌లో ఎవరో దొర వాడి వదిలేసిన జర్మనీ పెట్టె అది. అన్నీ వాల్వులే. పాడైపోయిందని పారేస్తుంటే, "ఇంత మంచి చెక్క ఎక్కడ దొరుకుద్ది" అని నాన్న ట్రాక్టర్ మీద వేసుకొచ్చాడు. అప్పటి నుంచి దాని మీద విత్తనాల సంచులు పెట్టేవాళ్లం. ఇన్నేళ్లలో దానికి మేం చేసిన మర్యాద అదే.

వెనక అట్ట విప్పగానే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. వాల్వుల మీద, తీగల మీద, పిక్చర్ ట్యూబు మెడ మీద అంతా మిరప దుమ్మే. తుడిచాననుకుని స్విచ్చి వేశాను. వాల్వులు వేడెక్కాయి, సందుల్లో మిగిలిన దుమ్ము కమ్మగా వేగింది. అమ్మ దగ్గుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "పోపు ఎక్కడ మాడిందిరా" అని అడిగింది. బొమ్మ రాలేదు గానీ ఇంటిల్లిపాదికీ కన్నీళ్లు వచ్చాయి.

రెండోసారి పెట్టెలో ఉన్న ప్రతి ముక్కా ఊడదీసి, కుంచెతో దులిపి, స్పిరిట్‌తో తుడిచాను. పోయిన వాల్వులు కొన్ని గుంటూరు పాత రేడియోల్లో, కొన్ని మద్రాసు పాత సామాన్ల బజారులో దొరికాయి. ఉబ్బిపోయిన కండెన్సర్లు మార్చాను. ఒకసారి షాక్ కొట్టి గోడకు ఆనుకుని కూర్చుంటే నాన్న పక్కకొచ్చి, "ఇంతకీ వస్తదా రాదా?" అన్నాడు. ఆయన అడిగింది టీవీ గురించి.

బొమ్మ వచ్చింది. కానీ మనుషుల మొహాల మీద పచ్చటి మచ్చలు. అప్పటి పిక్చర్ ట్యూబుల మీద భూమికున్న అయస్కాంతం కూడా పని చేస్తుంది. పెట్టెను ఎటు తిప్పి పెడితే అటుగా రంగులు కుదుర్చుకోవాలి. తెరకు పట్టిన అయస్కాంతాన్ని వదిలించడానికి, మోటార్లకు తీగ చుట్టే షాపులో రాగితీగతో పెద్ద చుట్ట ఒకటి చుట్టించుకొచ్చి, దానికి కరెంటు పెట్టి, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచాను. అమ్మ అది చూసి చెంపలు వేసుకుంది. ఫిజిక్స్ లెక్చరర్నైన నేను హారతి ఇవ్వడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ట్యూబు వెనక సర్దాల్సినవి సర్దాను. వార్తలు చదివే ఆవిడ మొహం మనిషి మొహంలా కనిపించింది. ఇక దీన్ని అంగుళం కూడా కదపొద్దని అందరికీ చెప్పాను.

మిగిలింది కరెంటు. చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు వేస్తే సాయంత్రం మా బల్బులే ఎర్రబడేవి, ఈ పెట్టె ఎక్కడ తట్టుకుంటుంది? అందరికంటే పెద్ద మోటారు ఎదురింటాయనది. ఎవరింటికి వెళ్లకూడదని నాన్న ఇంత చేయించాడో, చివరికి వాళ్లింటికే వెళ్లి అడగాల్సి వచ్చింది.

"ఆపుతాలే బావా" అన్నాడట ఆయన. "కానీ నేనూ వచ్చి చూస్తా. నా ఎడ్లు కూడా వస్తయ్యేమో."

ఆ సాయంత్రం కాలేజీ నుంచి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి గది నిండా జనం. టీవీ నేను పెట్టినచోట లేదు. దక్షిణం గోడ నుంచి తూర్పు గోడకు చేరింది.

"ఎవరు తిప్పారు?"

"మేమే" అన్నాడు నాన్న. "అక్కడుంటే దక్షిణం మొహంగా కూర్చుని చూడాలి. పోయినదాన్ని యముడి దిక్కుకు తిరిగి చూస్తావంట్రా?"

"నేనో చెయ్యేశా అల్లుడూ" అన్నాడు ఎదురింటాయన. పందెం తర్వాత ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది. యముడి దిక్కు ముందు ఫిజిక్స్ లెక్చరర్ మాట ఏపాటి? రాగితీగ చుట్ట కోసం లోపలికి వెళ్లబోతుంటే అమ్మ చెయ్యి పట్టి లాగింది. కార్యక్రమం మొదలైపోయింది.

ముందు బండ, దుమ్ము, జనం. తర్వాత తెర నిండా మా జత. మధ్యలో నాన్న, మీసాల దాకా నవ్వుతూ. తెరకు కుడిపక్కంతా రంగు చెదిరింది. నాన్న సగం మామూలుగా, సగం ఆకుపచ్చగా ఉన్నాడు. దాపటది పూర్తిగా ఆకుపచ్చగా ఉంది.

"బావా, దాపటది పచ్చిమిరపకాయల్లే ఉందే" అన్నాడు ఎదురింటాయన. కొందరు నవ్వారు.

నేను లేచాను. "రెండు నిమిషాలు నాన్నా, చుట్ట తెచ్చి సరిచేస్తా."

"కూర్చోరా" అన్నాడు నాన్న, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

తెరకు ఎడమపక్కన ఎలపటది నిలబడి ఉంది. మూపురం మీద బూడిదరంగు నీడ, నుదుట కుంకుమ, మెడలో ఎర్రటి పట్టెడ. మిగతా ఒళ్లంతా తెలుపు. సున్నం తెలుపు కాదు, పత్తి తెలుపు కాదు. నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు మీదికి నెడదామంటే, ఆ పెట్టెలో ఒక్క రవ్వ కూడా మిగలకుండా తుడిచింది నేనే.

"దాపటది రంగు పోయింది నాన్నా" అన్నాను మళ్లీ.

"పోనీరా. దాన్ని పొద్దున్నే చావిట్లో చూసుకుంటాగా."

బొమ్మ మారి, ఎవరో ఎరువుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. నాన్న ఇంకా తెర ఎడమపక్కకే చూస్తున్నాడు. మోటారు వేసుకోవడానికి లేచిన ఎదురింటాయన ఆయన్ని చూసి మళ్లీ కూర్చున్నాడు.